డాక్టర్ సలహా: మెటల్ వాల్వ్ శబ్దం తగ్గిందా? అలవాటు అనుకుని ఊరుకోకండి

ప్రశ్న: మా అమ్మ వయసు 52. ఆరేళ్ల క్రితం గుండెలో ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండే మైట్రల్ వాల్వ్ తీసేసి మెటల్ వాల్వ్ వేశారు. రక్తం గడ్డకట్టకుండా రోజూ ఎసిట్రామ్ మాత్ర వేసుకుంటుంది. ఆకుకూరలు తినకూడదని ఎవరో చెప్పడంతో అప్పటి నుంచి గోంగూర, పాలకూర ముట్టడం లేదు. నిజంగానే తినకూడదా? నెల క్రితం పన్ను తీయించుకోవడానికి మాత్ర ఆపింది. చిగురు వాపు తగ్గాక తొమ్మిదో రోజున మళ్లీ మొదలుపెట్టింది. మోకాళ్ల నొప్పులకు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్లు చేయించుకుంటోంది. పది రోజులుగా మెట్లెక్కితే ఆయాసం వస్తోంది, సాయంత్రాలు కాస్త ఒళ్లు వెచ్చబడుతోంది. వాల్వ్ టిక్ టిక్ శబ్దం కూడా ముందులా వినిపించడం లేదు, మాకు అలవాటైపోయిందేమో అనుకుంటున్నాం. రక్తం ఎంత పలచగా ఉందో చూసే ఐఎన్‌ఆర్ పరీక్ష సంక్రాంతికి ముందు చేయించాం, మళ్లీ కుదరలేదు. ఆ పరీక్ష అక్కర్లేని కొత్త మాత్రలు వచ్చాయట, అవి వాడొచ్చా?
– ఓ పాఠకురాలు, ఖమ్మం జిల్లా

జవాబు: అమ్మా, ఆకుకూరల సంగతి తర్వాత చెబుతాను. ముందు మీ అమ్మగారిని గుండె డాక్టరు, ఎకో పరీక్ష ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇది చదివిన రోజే వెళ్లాలి. పడుకుంటే ఊపిరి ఆడకపోయినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా సొంత బండి కోసం చూడకుండా 108కి ఫోన్ చేయండి.

మనిషిని చూడకుండా ఇది ఫలానా జబ్బేనని నేను చెప్పలేను. ఆయాసానికి రక్తహీనత, ఊపిరితిత్తుల్లో నిమ్ము, గుండె లయ తప్పడం లాంటి కారణాలు కూడా ఉంటాయి. కానీ మీ ఉత్తరంలో మూడు విషయాలు ఒకేచోట ఉన్నాయి. తొమ్మిది రోజులు మాత్ర ఆగింది, ఆయాసం కొత్తగా మొదలైంది, వాల్వ్ శబ్దం తగ్గింది. ఈ మూడూ కలిస్తే ఏ గుండె డాక్టరైనా ముందు అనుమానించేది వాల్వ్ మీద రక్తం గడ్డకట్టిందేమోనని. అది కాదని తేలితే సంతోషం. తేలేదాకా మాత్రం అదేననుకుని పరుగెత్తాలి.

ఆ టిక్ టిక్ ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకుంటే దీని తీవ్రత అర్థమవుతుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ వాల్వ్‌లోని రెక్కలు తెరుచుకుని టక్కున మూసుకుంటాయి. ఆ మూసుకునే చప్పుడే మీరు ఇన్నేళ్లుగా వింటున్నది. రెక్క మొదట్లో గడ్డ పేరుకుంటే, తుప్పు పట్టిన బందు మీద తలుపులా అది బిగుసుకుపోతుంది. పూర్తిగా తెరుచుకోదు, పూర్తిగా మూసుకోదు, చప్పుడు మందగిస్తుంది. రక్తం కిందికి దిగక వెనక్కి ఊపిరితిత్తుల్లోకి ఎగదన్నుతుంది, దాంతో ఆయాసం వస్తుంది. మైట్రల్ స్థానంలో రక్తం ఒత్తిడి తక్కువ కాబట్టి గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్లే బృహద్ధమని వాల్వ్ కంటే అక్కడ గడ్డకట్టే అవకాశం ఎక్కువ. వినికిడి తగ్గినా, ఒళ్లు చేసినా శబ్దం తక్కువగా వినిపించే మాట నిజమే. అయితే ఆయాసం కూడా ఉన్నప్పుడు ఆ వివరణతో సరిపెట్టుకోకూడదు.

వెళ్లేటప్పుడు డిశ్చార్జి కాగితాలు, పాత ఐఎన్‌ఆర్ రిపోర్టులు, ఆపరేషన్ తర్వాత ఇచ్చిన వాల్వ్ కార్డు, వాడుతున్న మాత్రల స్ట్రిప్పులు అన్నీ పట్టుకెళ్లండి. వాల్వ్ కార్డు ఎందుకంటే అన్ని మెటల్ వాల్వులూ ఒకటి కావు. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థవాళ్లు తయారుచేసి 1990లో తొలిసారి రోగికి అమర్చిన చిత్ర వాల్వ్‌లో ఒకే బిళ్ల వాలి లేస్తుంది. ఇప్పుడు ఎక్కువగా వాడే చాలా వాల్వుల్లో రెండు రెక్కలుంటాయి. రెండింటిలో ఒకటి బిగుసుకుని ఒకటి ఆడుతుంటే లక్షణాలు మెల్లగా, మీ అమ్మగారికి వచ్చినట్టే వస్తాయి. అందుకే ఇంట్లోవాళ్లు మోసపోతారు. అక్కడ మామూలు ఎకో, అవసరమైతే గొంతులోంచి గొట్టం వేసి చేసే ఎకో, రెక్కలు కదులుతున్నాయో లేదో చూసే ఫ్లోరోస్కోపీ చేస్తారు. గడ్డ అని తేలితే, కరిగించే మందు సెలైన్‌లో నెమ్మదిగా ఎక్కించడమా, మళ్లీ ఆపరేషనా అన్నది అక్కడి బృందం నిర్ణయిస్తుంది. రెండింటిలోనూ ప్రమాదం ఉంది. ఎంత ఆలస్యమైతే ఆ ప్రమాదం అంత పెరుగుతుంది.

ఈలోగా మీ అంతట మీరు చేయకూడని పని ఒకటుంది. మాత్ర ఆపాం కదా, ఆ లోటు పూడుద్దామని రెండేసి మాత్రలు వేయకండి. ఐఎన్‌ఆర్ ఎంతుందో తెలియకుండా డోసు పెంచితే మెదడులో రక్తస్రావం జరగొచ్చు.

జ్వరం గురించి కూడా చెప్పాలి. పన్ను తీయించుకున్న తర్వాత ఒళ్లు వెచ్చబడుతోందంటే వాల్వ్‌కు ఇన్‌ఫెక్షన్ అంటుకుందేమో చూడాల్సిందే. నోట్లోని సూక్ష్మజీవులు రక్తంలో కలిసి వాల్వ్ మీద గూడు కట్టుకుంటాయి. అందుకే మెటల్ వాల్వ్ ఉన్నవాళ్లకు పన్ను తీసే ముందు, గంటలోపు ఒక డోసు యాంటీబయాటిక్ ఇస్తారు. ఇచ్చారో లేదో మీరు రాయలేదు. ఇప్పుడు జ్వరానికి ఎవరైనా యాంటీబయాటిక్ ఇస్తానంటే ముందు రక్తం కల్చర్‌కు, అంటే ఏ క్రిమి ఉందో పట్టే పరీక్షకు తీయమని అడగండి. కల్చర్ తీయకుండా నాలుగు రోజులు మాత్రలు వేస్తే జ్వరం పైకి తగ్గుతుంది, ఏ క్రిమి ఉందో మాత్రం దొరకదు. ఆ తర్వాత వారాల తరబడి ఇవ్వాల్సిన వైద్యాన్ని గుడ్డిగా ఇవ్వాల్సి వస్తుంది. వాల్వ్ ఉన్న మనిషికి కారణం తెలియని జ్వరం రెండు మూడు రోజులు దాటితే మెడికల్ షాపుకు వెళ్లడం తప్పు, ఆసుపత్రికే వెళ్లాలి.

కాస్త కోపంగా చెబుతున్నాననుకోకండి. మాత్ర ఎవరు ఆపమన్నారు? మీరు రాయలేదు గానీ నాకు ఎదురయ్యే కేసుల్లో తరచూ పక్కింటివాళ్లో, పన్ను డాక్టరో, షాపు అబ్బాయో ఎవరో ఒకరు ‘రక్తం కారుతుంది, ఆపేయండి’ అని ఉంటారు. వాల్వ్ చూసే డాక్టరుకు ఒక్క ఫోన్ కూడా వెళ్లి ఉండదు. ఒకటి రెండు పళ్లు తీయడం లాంటి చిన్న పనులకు ఐఎన్‌ఆర్ హద్దులో ఉంటే మాత్ర ఆపకుండానే చేయొచ్చు. కుట్టు వేసి, మెత్తని గాజ్ గుడ్డ అదిమిపెట్టి, రక్తం ఆపే మందుతో పుక్కిలించి సంభాళిస్తారు. చిగురు నుంచి కారే రక్తాన్ని కంటితో చూడొచ్చు, చేత్తో ఆపొచ్చు. వాల్వ్ మీద పేరుకునే గడ్డ కంటికి కనపడదు. పెద్ద ఆపరేషన్ అయితే మాత్ర ఆపి, రక్తం గడ్డకట్టకుండా చూసే హెపారిన్ ఇంజెక్షన్ ఇచ్చే పద్ధతి ఉంది, దాని లెక్క గుండె డాక్టరే వేయాలి. ఎసిట్రామ్ విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. అది అదే కోవకు చెందిన మరో మాత్ర వార్ఫరిన్ కంటే తొందరగా ఒంట్లోంచి వెళ్లిపోతుంది. రెండు మూడు రోజులు మానేసినా రక్తం మళ్లీ గడ్డకట్టే స్థితికి వస్తుంది, తొమ్మిది రోజులంటే చాలా ఎక్కువ. స్ట్రిప్పు మీద 1 మిల్లీగ్రామా, 2, 4 మిల్లీగ్రాములా అన్నది కూడా కొన్న ప్రతిసారీ చూసుకోండి. షాపులో ఒకటికి బదులు ఇంకొకటి ఇచ్చినా, ఎసిట్రామ్‌కు బదులు అదే లెక్కన వార్ఫరిన్ ఇచ్చినా ప్రమాదమే.

ఐఎన్‌ఆర్ సంక్రాంతికి ముందు చేయించి వదిలేయడం నన్ను బాగా బాధపెట్టింది. మైట్రల్ మెటల్ వాల్వ్‌కు సాధారణంగా 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలంటాం. మీ అమ్మగారికి ఎంత ఉండాలో ఆవిడ డాక్టరు చెప్పిన అంకెనే పాటించండి. అంతా నిలకడగా ఉన్నా నెలకోసారి చూడాలి. మాత్ర ఆపి మళ్లీ మొదలుపెట్టినా, కొత్త మందు ఏదైనా కలిసినా, విరేచనాలు పట్టుకున్నా, ఉపవాసాలున్నా వెంటనే చూడాలి. మెట్రోనిడజోల్, కొన్ని ఫంగస్ మందులు ఐఎన్‌ఆర్‌ను ఎగదోస్తాయి. టీబీకి వాడే రిఫాంపిసిన్ కిందికి లాగేస్తుంది. ఖమ్మం లాంటి ఊళ్లో ఈ పరీక్ష ఏ ల్యాబ్‌లోనైనా దొరుకుతుంది. కుదరలేదన్న మాట నేను ఒప్పుకోను.

కొత్త మాత్రలంటారా, మెటల్ వాల్వ్‌కు అవి వద్దు. వాటిలో ఒకటైన డాబిగాట్రాన్‌ను ఇలాంటి రోగుల్లో పరీక్షించి చూస్తే వార్ఫరిన్ వాడినవాళ్ల కంటే గడ్డలూ ఎక్కువే, రక్తస్రావమూ ఎక్కువే కనిపించింది. ఆ అధ్యయనాన్ని 2012లో మధ్యలోనే నిలిపేశారు. బృహద్ధమని స్థానంలో ఒక రకం మెటల్ వాల్వ్ ఉన్నవాళ్లకు మరో కొత్త మాత్ర అపిక్సాబాన్ ఇచ్చి చూసిన అధ్యయనం కూడా 2022లో అలాగే ఆగిపోయింది. ఎదురింటాయన వేసుకుంటున్నాడంటే ఆయన జబ్బు వేరై ఉంటుంది.

ఇదే కాలమ్‌కు అమెరికా నుంచి కూడా ఉత్తరాలు వస్తుంటాయి కాబట్టి ఒక మాట. గుండె బాగా బలహీనపడి ఎల్‌వీఏడీ అనే పంపు పెట్టించుకున్నవాళ్లు ఇండియా వచ్చినప్పుడు, నాడి దొరకలేదని, బీపీ మిషన్ అంకె చూపలేదని ఇక్కడివాళ్లు కంగారుపడతారు. ఆ పంపు రక్తాన్ని ఆగకుండా తోస్తూ ఉంటుంది కాబట్టి నాడి చేతికి అందకపోవచ్చు. మనిషి స్పృహ, ఒంటి రంగు, పంపు అలారం చూడాలి. పొట్టలోంచి తీగ బయటికి వచ్చే చోట ఎర్రదనం, చీము, మలం నల్లగా రావడం, మూత్రం టీ రంగులో రావడం, వీటిలో ఏది కనిపించినా పంపు పెట్టిన ఆసుపత్రికి అదే రోజు ఫోన్ చేయాలి. వాళ్లూ వార్ఫరిన్ మీదే ఉంటారు, వాళ్లకూ సొంతంగా మాత్ర ఆపే హక్కు లేదు.

వాల్వ్ అయినా పంపు అయినా మూతి వంకరపోవడం, మాట తడబడటం, చెయ్యి వాలిపోవడం కనిపిస్తే పసరు మందు కోసం ఊళ్లు తిరగొద్దు. అది గడ్డ వల్లో రక్తస్రావం వల్లో స్కానింగ్ చేస్తేనే తెలుస్తుంది. రెండింటికీ వైద్యం వేరు.

ఇక మీరడిగిన ఆకుకూరలు. తినొచ్చు. అందులోని విటమిన్ కె ఈ మాత్ర పనిని తగ్గించేది నిజమే, అందుకే హెచ్చుతగ్గులు లేకుండా తినాలి. వారానికి రెండుసార్లు పప్పులో వేసుకునే అలవాటుంటే ప్రతి వారం అంతే వేసుకోవాలి. ఒక నెల పూర్తిగా మానేసి, ఇంకో నెల తోటకూర, మునగాకు రోజూ తింటే ఐఎన్‌ఆర్ నిలవదు. ఇన్నేళ్లు మానేశారు కాబట్టి మళ్లీ మొదలుపెట్టేటప్పుడు డాక్టరుకు చెప్పి, వారం పది రోజుల్లో పరీక్ష చేయించండి. ఇదంతా ఆవిడ ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక.

మోకాళ్లకు తుంటి ఇంజెక్షన్లు ఇవాళ్టితో ఆపేయండి. రక్తం పలచబడే మందు మీద ఉన్నవాళ్లకు కండలో సూది గుచ్చితే లోపల రక్తం గూడుకట్టి కాలు కదపలేని పరిస్థితి రావచ్చు. ఆ ఇంజెక్షన్లలో ఎక్కువగా ఉండే డైక్లోఫెనాక్ కడుపులో పుండ్లు చేసి రక్తం కక్కిస్తుంది. నొప్పికి పారాసెటమాల్ కొంత మేలు. అదీ రోజూ ఎక్కువ మోతాదులో వాడితే ఐఎన్‌ఆర్ పెరుగుతుంది కాబట్టి ఎన్ని వేసుకోవచ్చో డాక్టరునే అడగండి. మోకాళ్లకు ఫిజియోథెరపీ, బరువు తగ్గడం గురించి ఎముకల డాక్టరుతో మాట్లాడండి. వాల్వ్ ఉందని మొదటి మాటగా చెప్పండి.