శాకాహారులైన అమ్మానాన్నలతో ఖరీదైన జపాన్ రియోకాన్‌లో దిగడం: ఎక్కడ డబ్బుకి తగిన ఫలితం, ఎక్కడ ఇబ్బంది

మీరు అడిగింది ఇదీ: నవంబరులో అమ్మగారు, నాన్నగారితో జపాన్ వెళ్తున్నారు. కియోటోలో ఒక రాత్రి, వేడినీటి ఊటల ఊరు హకోనేలో ఒక రాత్రి పేరున్న రియోకాన్‌లో, అంటే జపాన్ పాతపద్ధతి సత్రంలో, ఉండాలని ఉంది. మనిషికి రాత్రికి 50,000 యెన్ పైమాటే. ఇద్దరూ శుద్ధ శాకాహారులు, నాన్నగారికి మోకాళ్ల నొప్పి. కియోటోలో పొద్దున్నుంచి రాత్రి ఎనిమిదిదాకా గుళ్లు చూసే కార్యక్రమం. అంత పెట్టడం సబబేనా?

హకోనేలో సబబే, ముందుగా కొన్ని ఏర్పాట్లు చేసుకుంటే. కియోటోలో మీ కార్యక్రమం అలాగే ఉంటే మాత్రం వద్దంటాను. ఆ గదిలో కూర్చునే తీరికే మీకు లేదు.

రియోకాన్‌లో మధ్యాహ్నం 3 గంటలకి గది ఇస్తారు, మర్నాడు ఉదయం 10 లేదా 11కి ఖాళీ చేయమంటారు. రాత్రి భోజనం 6కో 6:30కో మొదలవుతుంది, 7:30 దాటి మొదలుపెట్టే చోట్లు అరుదు. రాత్రి భోజనం, ఉదయం ఫలహారం ధరలోనే కలిసి ఉంటాయి కాబట్టి లెక్క మనిషికింత అని ఉంటుంది. మీరు కట్టే డబ్బులో చాలాభాగం ఆ మధ్యాహ్నం మూడుకీ మర్నాడు పదికీ నడుమ వచ్చేవాటికే: వచ్చీరాగానే ఇచ్చే టీ, మిఠాయి, తోట కనిపించే గది, స్నానం, రెండు గంటలు సాగే భోజనం. ఎనిమిదికి చేరితే భోజనం పోయినట్టే, చాలాచోట్ల దాని డబ్బు కూడా తిరిగి రాదు. వంటగదిలో మీ పేరు మీద కొన్న సరుకు అప్పటికే వండేసి ఉంటారు.

ఇంకో సంగతి ముందే తెలిసి ఉండాలి. ఈ రియోకాన్ ఇళ్లలో సేవ గొప్పగా ఉండేది ముందుగా తెలియజేసిన విషయాల్లో. మోకాళ్ల నొప్పి అని నెల ముందు రాస్తే మీరు వెళ్లేసరికి ఎత్తు కుర్చీ వేసి ఉంటుంది, ఎవరూ ఆ ఊసెత్తరు. అదే భోజనం ముందు కూర్చుని "చేప వద్దండీ, ఇంకేమైనా చేసిపెట్టండి" అంటే వాళ్ల దగ్గర ఇవ్వడానికి నిజంగానే ఏమీ ఉండదు. వాళ్లు పడే ఇబ్బంది చూసి మీకే బాధేస్తుంది. రాత్రి పదింటికి ఏదైనా తెప్పించుకోవడం లాంటివి పెద్ద హోటళ్లలో మామూలే కానీ ఇక్కడ ఉండవు.

భోజనం గురించి కాస్త వివరంగా చెప్తాను, మనవాళ్లు దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే. జపాన్ వంటకి ఆధారం దాషి అనే చారునీళ్లు. మామూలుగా అది కొంబు అనే సముద్రపు నాచుతోపాటు కత్సువో చేపతో కాస్తారు. చేపని ఉడికించి, పొగపెట్టి, కర్రలా గట్టిపడేదాకా ఎండబెట్టి, చిత్రిక పట్టి తీసిన రేకులవి. పళ్లెంలో చేప ముక్క కనిపించదు, కానీ చారులో ఉంటుంది. "వెజిటేరియన్" అని రాస్తే మాంసం, చేప ముక్కలు తీసేసి అదే చారుతో వండి పెట్టే అవకాశం ఉంది. వాళ్ల ఉద్దేశంలో మోసం ఏమీ లేదు, చారుని చేప కింద లెక్కవేయకపోవడం అక్కడ సహజం.

కైసెకి, అంటే ఒక్కో వంటకం వరసగా వడ్డించే రాత్రి భోజనం, వరసలో చూస్తే ఎక్కడెక్కడ ఇది దాగుతుందో తెలుస్తుంది. మొదట సకిజుకే, చిన్న చిన్న రుచులు: నువ్వుల తోఫు బాగుంటుంది, పైన పోసే పులుసులో దాషి ఉండొచ్చు. తర్వాత మూతగిన్నెలో తేట చారు: ఇది అచ్చంగా దాషియే, కాబట్టి చేపచారుతో కాచారా లేదా అని గట్టిగా అడగాల్సింది ఇక్కడే. పచ్చి చేప ముక్కల వంతు వచ్చినప్పుడు బదులుగా యూబా పెట్టమనండి. సోయాపాలు వేడిచేస్తే పైన కట్టే మీగడ అది, కియోటోలో ప్రసిద్ధం. కాల్చిన వంటకం, ఆపైన ఉడకబెట్టిన కూరగాయలు: గుమ్మడి, ముల్లంగి, వెదురు మొలక అన్నీ చూడ్డానికి మనవే అనిపిస్తాయి, ఉడికేది మాత్రం దాషిలోనే. తెంపురా అనే బజ్జీల పిండిలో గుడ్డు కలుపుతారు, నంజుకునే పులుసులో చేపచారు ఉంటుంది. ఉప్పు అడిగి నంజుకోవచ్చు, గుడ్డు సంగతి మాత్రం ముందే చెప్పాలి. చావన్‌ముషి అయితే గుడ్డూ చారూ కలిపి ఆవిరిపై ఉడికించినదే, తీసేయమనాలి. చివర అన్నం, మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) చారు, ఊరగాయలు వస్తాయి. అన్నం కలగలుపుగా వండితే అందులోనూ దాషి ఉంటుంది, తెల్లన్నమే పెట్టమని రాయండి. మిసో చారూ దాషితోనే కాస్తారు. ఊరగాయల్లోనూ కొన్నిటిలో చేపరేకులు పడతాయి.

కాబట్టి బుక్ చేసేటప్పుడు "శాకాహారం" అన్న ఒక్క మాటతో వదిలేయకుండా తినేవీ తిననివీ విడివిడిగా రాయండి. జపాన్ భాషలో ఈ మూడు వాక్యాలు పనికొస్తాయి: "నికు, సకనా, తమాగో వ తబెరారెమసెన్. కత్సువో దాషి మో దామె దెసు. కొంబు దాషి వ దైజోబు దెసు." మాంసం, చేప, గుడ్డు తినం, చేపరేకుల చారు కూడా పనికిరాదు, నాచు చారు ఫర్వాలేదు అని అర్థం. ఎండు షీటాకే పుట్టగొడుగుల చారు కూడా పర్వాలేదని రాస్తే వంటవాళ్లకి చేయి ఆడుతుంది, లేకపోతే రుచి తేవడానికి వాళ్ల దగ్గర ఏమీ మిగలదు. ఉల్లి, వెల్లుల్లి కూడా తినకపోతే "షోజిన్ ర్యోరి పద్ధతిలో" అని కలపండి. బౌద్ధ మఠాల వంట అది, వాటిలో ఉల్లి వెల్లుల్లి వాడరు. కొన్ని రియోకాన్‌లు కుదరదని జవాబిస్తాయి. అలా చెప్పేవాళ్లే నిజాయితీపరులు. అనుమానంగా "ప్రయత్నిస్తాం" అన్న చోటు కంటే స్పష్టంగా "చేస్తాం, ఈ ఈ వంటకాలు పెడతాం" అన్న చోటే ఎంచుకోండి.

ఉదయం ఫలహారంలో కాల్చిన చేప, మిసో చారు, చుట్టిన గుడ్డట్టు, నోరి అనే ఎండు నాచు రేకులు, అన్నం ఉంటాయి. పెద్దవాళ్లకి పెరుగు లేకపోతే గడవదనుకుంటే ముందురోజు సూపర్‌మార్కెట్‌లో ప్లెయిన్ యోగర్ట్ పెద్ద డబ్బా కొనండి, సాధారణంగా 400 గ్రాములు. చిన్న కప్పుల్లో దొరికేవాటిలో చాలావాటికి చక్కెర ఉంటుంది. గదిలో చిన్న ఫ్రిజ్ ఉంటుంది. జపాన్ అన్నం జిగురుగా ఉంటుంది, పెరుగులో బాగానే కలుస్తుంది. ఇక్కణ్ణుంచి కరెంటు కుక్కర్, కెటిల్ మోసుకెళ్లకండి. అక్కడ కరెంటు 100 వోల్టులు, మన 230 వోల్టుల కెటిల్‌కి అక్కడ అయిదో వంతు వేడి కూడా రాదు. పైగా తతామి అనే గడ్డి చాపలు పరిచిన గదిలో వంట పెడితే వాసన చాపకి పట్టేస్తుంది, ఇంటివాళ్లకి అది పెద్ద నష్టం.

హకోనే సంగతికొస్తే, డబ్బుకి ఫలితం దక్కేది వేడినీటి ఊటలో. సాధారణంగా 40 నుంచి 43 డిగ్రీల నీళ్లు. మొదట కూర్చుని సబ్బుతో ఒళ్లంతా కడుక్కుని, నురగ పూర్తిగా పోయాకే తొట్టిలో దిగాలి. చిన్న తువ్వాలు నీళ్లలో ముంచకూడదు, జుట్టు పైకి ముడేసుకోవాలి. బట్టలేమీ ఉండకూడదు, ఆడవాళ్లకీ మగవాళ్లకీ వేర్వేరు. అమ్మగారికి ఇది ఇష్టం లేకపోతే పోట్లాడి ఒప్పించొద్దు. గదికే ఊటనీటి తొట్టి ఉన్నది తీసుకోండి, లేదా 45, 50 నిమిషాలకి విడిగా అద్దెకిచ్చే తొట్టి ఉన్న ఇల్లు చూడండి. నాన్నగారికి బయటి రాతి తొట్లు ప్రమాదమే: మెట్లు నాచుపట్టి జారతాయి, పట్టుకోడానికి ఊచ ఉండకపోవచ్చు. రక్తపోటు ఉంటే ఒక్కోసారి పది నిమిషాలు మించొద్దు, తిన్న వెంటనే దిగొద్దు, పైకి లేచేటప్పుడు మెల్లిగా లేవాలి.

మన ఆడవాళ్లకి ఎవరూ చెప్పని విషయం ఒకటుంది: మెట్టెలు, పట్టీలు. హకోనేలో గోరా, సెంగోకుహరా వైపు కొన్ని ఇళ్లకి ఓవాకుదాని అగ్నిపర్వత లోయ నుంచి గొట్టాల్లో వచ్చే పాలరంగు గంధకం నీళ్లు వస్తాయి. గంధకం వెండిని నిమిషాల్లో నల్లబరుస్తుంది. 22 క్యారెట్ల బంగారంలో కూడా రాగి, వెండి కలుస్తాయి కాబట్టి దానికీ మసక పట్టొచ్చు. మెట్టెలు తీయడం ఇష్టంలేని అమ్మలకి గంధకం లేని తేట నీళ్ల ఇల్లే ఎంచుకోవాలి. హకోనే-యుమోతో దగ్గర అలాంటివి ఉన్నాయి. బట్టలు మార్చుకునే గది గోడ మీద పలక ఉంటుంది: ఊట దగ్గర నీటి వేడి, ఆమ్లక్షార గుణం, ఏ ఖనిజాలు. 2005 నుంచి నీళ్లు కలిపారా, వేడిచేశారా, తిప్పి వాడుతున్నారా, క్రిమిసంహారకం వేశారా అన్నవి కూడా అందులో రాయాలి. అంత డబ్బు పెట్టేటప్పుడు ఊటనీళ్లు ఎప్పటికప్పుడు కొత్తగా వచ్చి పొర్లే తొట్టా, మళ్లీ మళ్లీ వడపోసేదా అని ముందే అడగడంలో తప్పులేదు.

కియోటో నగరంలో పేరున్న పాత ఇళ్లు వేరే జాతి. తవారాయా 300 ఏళ్లు దాటినది, 18 గదులే. దానికెదురుగా 1818లో మొదలైన హీరాగియా. అక్కడికి వేడినీటి ఊట కోసం వెళ్లరు. కోయామాకి చెక్కతో చేసిన తొట్టి నిండా వేడినీళ్లు పెడతారు, మీ కుటుంబంవాళ్లంతా వరసగా అవే నీళ్లలో దిగాలి. కాబట్టి అందులో సబ్బు వాడకూడదు, మీ స్నానం అయ్యాక బిరడా లాగెయ్యకూడదు. వాటి అందమంతా వెలుతురులో, తోటలో, నిశ్శబ్దంలో ఉంది. మధ్యాహ్నం మూడింటికి లోపలికి వెళ్లి మర్నాడుదాకా బయటికి రానివాళ్లకే అది అందుతుంది. గుళ్ల తిరుగుడు రోజున స్టేషన్ దగ్గర మంచి హోటల్ తీసుకోండి: ఎప్పుడొచ్చినా ఫర్వాలేదు, మంచం ఉంటుంది, తిండి బయట ఎక్కడైనా చూసుకోవచ్చు. నవంబరు చివర ఎర్రటి మేపుల్ ఆకుల రోజులు కాబట్టి కియోటోలో ధరలు కూడా బాగా ఎక్కువ ఉండే సమయం. పైగా కియోటో బస పన్ను 2026 మార్చి 1 నుంచి బాగా పెరిగింది. భోజనం తీసేసి గది భాగం మనిషికి 20,000 నుంచి 50,000 లోపుంటే రాత్రికి 1,000 యెన్, 50,000 నుంచి లక్ష లోపు 4,000, లక్ష దాటితే 10,000. ఇది బిల్లుపై వేరుగా పడొచ్చు. హకోనేలో స్నానపు పన్ను మనిషికి సాధారణంగా 150 యెన్, అది లెక్కలోకి రాదు. టిప్పు ఇవ్వక్కర్లేదు, 10 నుంచి 15 శాతం సేవా రుసుము బిల్లులోనే ఉంటుంది.

గది గురించి. తతామి చాపల మీద చెప్పులు వేయరు, గుమ్మంలోనే వదలాలి. ఇది మన పెద్దవాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. మరుగుదొడ్డికి వేరే చెప్పులుంటాయి, వాటిని అక్కడే వదిలి రావాలి. మర్చిపోయి చాప మీదికి తెస్తే వాళ్లు ఏమీ అనరు కానీ కంగారుపడతారు. నీళ్లు చిమ్మే టాయిలెట్ ఉంటుంది కాబట్టి ఆ బెంగ అక్కర్లేదు. యుకాతా (రియోకాన్‌లో ఇచ్చే నూలు అంగీ) కట్టేటప్పుడు ఎడమ అంచు పైకి రావాలి, కుడి అంచు పైకి వచ్చేలా కట్టేది శవానికి. భోజనం వేళకో, అయ్యాకో పరుపులు నేలమీద వేస్తారు. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు ఆ పరుపు మీంచి తెల్లారి లేవడం కష్టం. అందుకని చాపగదిలో మంచాలు కూడా ఉన్న "వయోషిత్సు" రకం గది అడగండి, భోజనం ఎత్తు బల్ల మీద పెట్టమనండి. పెద్ద సూట్‌కేసులు తేవొద్దు. చక్రాలు చాపని చీల్చేస్తాయి, తెరిచే చోటూ ఉండదు. కియోటో హోటల్ కౌంటర్లో ఇచ్చి తక్యుబిన్ అనే సామాను చేరవేసే సేవలో, ఆ తర్వాత టోక్యో వెళ్తే నేరుగా అక్కడి హోటల్‌కి పంపించండి, సాధారణంగా మర్నాటికి చేరుతుంది. ఒక రాత్రికి సరిపడా చిన్న సంచీతో హకోనే వెళ్లండి.

నచ్చని సంగతులు కూడా చెప్పాలి. పాత చెక్క ఇళ్లలో పక్కగది దగ్గు వినిపిస్తుంది, నవంబరు రాత్రి వరండాలు చల్లగా ఉంటాయి. పరుపు వేసే మనిషి, వడ్డించే మనిషి మాటిమాటికీ గదిలోకి వస్తుంటారు. మోకాళ్ల మీద కూర్చుని తలుపు జరుపుతారు, ఎంతో మర్యాదగానే, అయినా ఏకాంతం కోరేవాళ్లకి అది భారమే. రెండు గంటలు కూర్చుని తినడం పెద్దవాళ్లకి విసుగు. మొత్తం శాకాహారమే అయితే అదే ధరకి వైవిధ్యం తగ్గుతుంది, ధర మాత్రం తగ్గదు. ఇది నాకు అన్యాయంగానే తోస్తుంది.

తిండి విషయంలో మీవాళ్లు ఏమాత్రం రాజీపడరనుకుంటే హకోనే బదులు కోయాసాన్ చూడండి. కూకాయ్ అనే సన్యాసికి 816లో చక్రవర్తి ఇచ్చిన కొండ అది. అక్కడ సుమారు 50 మఠాల్లో బస ఉంది. పెట్టేదే షోజిన్ వంట, కాబట్టి బతిమాలక్కర్లేదు. అయితే గదులు మరీ సాదాగా ఉంటాయి, స్నానాల గది చాలాచోట్ల అందరికీ కలిపే, పొద్దున్నే ప్రార్థన ఉంటుంది. అదే టోక్యోలో ఈ పాత పద్ధతిని కొత్త భవనంలో చూడాలనుంటే 2016లో తెరిచిన హోషినోయా టోక్యో ఉంది: గుమ్మంలోనే చెప్పులు విడుస్తారు, లిఫ్టులో కూడా చాపే, పైఅంతస్తులో 1,500 మీటర్ల లోతునుంచి తోడిన ఊటనీళ్లు. 

ఇప్పుడు చేయాల్సిన పని: హకోనేలో శనివారం రాత్రి కాకుండా చూసుకోండి, ఆ రోజు రేటు ఎక్కువ. బుక్ చేసే ముందే రియోకాన్‌కి ఒకే మెయిల్‌లో అన్నీ రాయండి: ఎంతమంది, ఎన్నింటికి చేరతారు, తినేవీ తిననివీ, మోకాళ్ల నొప్పి, మంచం, ఎత్తు బల్ల, నీళ్లలో గంధకం ఉందా. రద్దు నియమాలు కూడా అడగండి. చాలాచోట్ల వారం ముందు నుంచే కొంత కోత పడుతుంది, ఆ రోజు రద్దు చేస్తే మొత్తం పోతుంది. వాళ్ల జవాబులో వంటకాల గురించి స్పష్టమైన మాట లేకపోతే ఇంకో ఇల్లు చూడండి. సరేనని వస్తే ఆ మెయిల్ ఫోన్లో దాచుకుని, వెళ్లగానే టీ ఇచ్చే మనిషికి చూపించండి. వంటగదికి ఇంకోసారి మాట చేరుతుంది.