స్టీవ్ ఇర్విన్ చనిపోయినప్పుడు ఆస్ట్రేలియా జనం నిజంగానే అంతగా ఏడ్చారా?

"టీవీలో మొసళ్లతో కుస్తీ పట్టే మనిషి పోతే దేశం దేశమే ఏడ్చిందంటే నమ్మబుద్ధి కావడం లేదు. ఆ దుఃఖం నిజమా, ఛానళ్లు లేపిన హడావుడా?" అని కదా మీరు అడిగింది. 2006లో నేను బ్రిస్బేన్‌లో ఎమ్మెస్ చదువుతూ, సాయంత్రాలు ఒక పెట్రోలు బంకులో పని చేసేవాణ్ణి. అక్కడ చూసిందీ విన్నదీ చెబుతాను. రెండూ ఉన్నాయండీ. కాకపోతే దుఃఖం ముందొచ్చింది, హడావుడి దాని వెనకాల వచ్చింది.

ఆయనెవరో తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. 1962లో మెల్‌బోర్న్ దగ్గర పుట్టాడు. తల్లిదండ్రులు లిన్, బాబ్. 1970లో అక్కడంతా వదిలేసి క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలోని బీర్వా అనే చిన్న ఊరికి వెళ్లి, పాములూ మొసళ్లూ ఉండే ఒక పార్కు పెట్టుకున్నారు. పిల్లాడు వాటి మధ్యే పెరిగాడు. పెద్దయ్యాక, జనావాసాల దగ్గరికొచ్చిన మొసళ్లని చంపకుండా పట్టి వేరే చోట వదిలే ప్రభుత్వ కార్యక్రమంలో జీతం లేకుండా పనిచేశాడు. 1991లో పార్కు బాధ్యత చేతికొచ్చింది. ఆ ఏడే అమెరికా నుంచి టెర్రీ అనే అమ్మాయి పార్కు చూడ్డానికి వచ్చింది, మరుసటి ఏడు పెళ్లి. కొత్త పెళ్లికొడుకూ పెళ్లికూతురూ మొసళ్లు పట్టడానికి వెళ్తే తీసిన వీడియోయే 'క్రొకొడైల్ హంటర్' మొదటి భాగం అయింది. యానిమల్ ప్లానెట్ దాన్ని ఊరూరికీ చేర్చింది. మా కాకినాడలో కేబుల్ ఉన్న ఇళ్లల్లో పిల్లలం ఆయన్ని చూసే "క్రైకీ" (మన 'అబ్బో' లాంటి ఆయన ఊతపదం) అనడం నేర్చుకున్నాం.

2006 సెప్టెంబర్ 4, సోమవారం. ముందురోజు ఆదివారం ఆస్ట్రేలియాలో ఫాదర్స్ డే. సముద్రంలోని ప్రమాదకరమైన జీవుల మీద ఒక డాక్యుమెంటరీ తీయడానికి స్టీవ్ బృందం పోర్ట్ డగ్లస్ దగ్గర బ్యాట్ రీఫ్‌కి వెళ్లింది. వాతావరణం బాగాలేక అసలు షూటింగ్ ఆగింది. ఖాళీగా కూర్చోవడమెందుకని, కూతురు బిండీ కార్యక్రమానికి నాలుగు దృశ్యాలు తీద్దామని లోతులేని నీళ్లలోకి దిగాడు. అక్కడ ఒక పెద్ద స్టింగ్‌రే, మన తీరంలో టేకు చేప అంటారే అదే, తోక ముల్లుతో ఛాతీ మీద కొట్టింది. వయసు 44. ఆ చేప కొట్టి మనిషి చనిపోవడం ప్రపంచంలోనే చాలా అరుదు. భార్యాపిల్లలు అప్పుడు టాస్మానియాలో క్రేడిల్ మౌంటెన్ దగ్గర ఉన్నారు.

అక్కడి బంకుల్లో పెట్రోలు ఎవరికి వాళ్లే కొట్టుకుని, లోపలికొచ్చి డబ్బు కట్టి పోతారు. "హాయ్ మేట్", "చీర్స్ మేట్", అంతే మాట. ఆ సాయంత్రం మాత్రం డబ్బు కట్టినవాళ్లు కదల్లేదు. కౌంటర్ పక్కన రేడియో మోగుతోంది, దాని ముందు నిలబడిపోయారు. లోపలికొచ్చిన ప్రతి కొత్త మనిషీ మొదట అడిగింది ఒకటే: "ఏ మొసలి?" మొసలి కాదు, స్టింగ్‌రే అంటే ఎవరూ నమ్మలేదు. ఇన్నేళ్లూ మొసళ్ల నోట్లో చెయ్యి పెట్టినంత పని చేసి బతికినవాడు, చిన్నపిల్లలు కూడా భయపడని చేప వల్ల పోవడమేంటని. టీవీలో పూల గుట్టలు చూపించకముందు సంగతి ఇది. ఎవరూ వాళ్లని ఏడవమని చెప్పలేదు.

మీ ప్రశ్నకి అసలు జవాబు మాత్రం ఇంకొకచోట ఉంది. బతికుండగా ఆస్ట్రేలియావాళ్లందరూ ఆయన్ని నెత్తిన పెట్టుకోలేదు. ముఖ్యంగా నగరాల్లో చదువుకున్నవాళ్లకి ఆయనంటే కాస్త సిగ్గు. ఆ ఖాకీ నిక్కరూ (మనకి ఖాకీ అంటే పోలీసో, ఆటో డ్రైవరో), ఆ పల్లెటూరి యాసా, ఆ గావుకేకలూ చూసి "ప్రపంచమంతా మనల్నందరినీ ఇలాంటివాళ్లమే అనుకుంటుంది" అని తల పట్టుకునేవారు. సినిమాలో మన జిల్లా యాస కమెడియన్‌కి మాత్రమే పెడితే మనకెలా ఉంటుందో అలాగన్నమాట. సొంత దేశంవాళ్ల కంటే ముందు అమెరికావాళ్లు ఆయన్ని మెచ్చుకున్నారు. 2004 జనవరిలో నెల వయసున్న కొడుకు రాబర్ట్‌ని ఒక చంకలో పెట్టుకుని, రెండో చేత్తో మొసలికి కోడిని అందించినప్పుడైతే దేశమంతా తిట్టింది. నన్నడిగితే ఆ తిట్లు న్యాయమైనవే.

మా బంకుకి రోజూ వచ్చే ఒక వడ్రంగి ఉండేవాడు. స్టీవ్ పేరెత్తితే చాలు, ఆయన గొంతు అనుకరించి అందర్నీ నవ్వించేవాడు. ఆ వారంలో ఒకరోజు వచ్చి, సిగరెట్ ప్యాకెట్ కొనుక్కుని, "నా కూతురు రెండ్రోజుల నుంచి సరిగ్గా తినడం లేదు, నేనేమో ఇన్నాళ్లూ వాణ్ణి వెధవని చేసి మాట్లాడాను" అన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఇలాంటి మాట ఇంకా కొందరి నోట విన్నాను. ఇంట్లో వేళాకోళం చేసిన బాబాయి హఠాత్తుగా పోతే వచ్చే ఏడుపు అది. అందులో ప్రేమ ఎంత ఉందో, నోరు జారిన బాధా అంతే ఉంది. టీవీ వాళ్లు ఎంత సంగీతం వాయించినా ఆ రెండో బాధని పుట్టించలేరు.

ఆ శనివారమో ఆదివారమో ఇద్దరు స్నేహితులతో బీర్వా వెళ్లాను. బ్రిస్బేన్‌కి ఉత్తరంగా రైల్లో గంటకి పైగా. ఆస్ట్రేలియా జూ (పాత పార్కుకి 1998 నుంచి ఆ పేరు) గేటు బయట రోడ్డు వెంట పూలు, పిల్లలు గీసిన మొసలి బొమ్మలు, ఉత్తరాలు. అన్నిటికంటే ఎక్కువగా కనిపించినవి ఖాకీ చొక్కాలు. వచ్చినవాళ్లు ఇంటి నుంచి తెచ్చుకున్న చొక్కా మీద స్కెచ్ పెన్‌తో రెండు ముక్కలు రాసి కంచెకి తగిలించి వెళ్తున్నారు. పెన్ను లేనివాళ్లకి పక్కవాళ్లు ఇస్తున్నారు. నినాదాలు లేవు, మైకు లేదు, తోపులాట లేదు. 1996లో ఎన్టీఆర్ పోయినప్పుడు టీవీలో జనసముద్రం చూసిన కళ్లకి ఇది మొదట చప్పగా అనిపించిందని ఒప్పుకోవాలి. మనవాళ్లు గుండెలు బాదుకుంటారు, వాళ్లు వరసలో నిలబడతారు. లోపల జూ మాత్రం మామూలుగా నడుస్తోంది. మూయడం ఆయనకి ఇష్టముండేది కాదని సిబ్బంది మాట. మొసళ్లకి మేత వేసేవాళ్లు మేత వేస్తున్నారు.

అప్పటి క్వీన్స్‌లాండ్ ప్రీమియర్ (మన ముఖ్యమంత్రిలాగ) పీటర్ బీటీ ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు చేస్తామన్నాడు. తండ్రి బాబ్ వద్దన్నాడు. తన కొడుకు మామూలు మనిషిగానే ఉండాలనుకున్నాడన్నది ఆయన కారణం. మన దగ్గర అధికార లాంఛనాలు దక్కలేదని అలిగిన కుటుంబాలే నాకు తెలుసు గానీ, ఇస్తామంటే వద్దన్నవాళ్ల గురించి వినడం అదే మొదలు. సెప్టెంబర్ 9న ఇంటివాళ్లు, దగ్గరివాళ్ల మధ్య అంత్యక్రియలు ముగించారు.

జనం కోసం సంస్మరణ సభ సెప్టెంబర్ 20న, జూలోనే మొసళ్ల ప్రదర్శన జరిగే క్రొకోసియంలో పెట్టారు. 5,500 మంది పట్టే చోటు. నేను గదిలో టీవీలో చూశాను. ప్రధాని జాన్ హోవర్డ్ మాట్లాడాడు. అక్కడి గాయకుడు జాన్ విలియమ్సన్ గిటారు పట్టుకుని పాడాడు. బాబ్ లేచి, స్టీవ్ కోసం ఏడవొద్దు, వాడు ప్రశాంతంగా ఉన్నాడు, జంతువుల కోసం ఏడవండి, వాటికి ఉన్న గొప్ప స్నేహితుడు పోయాడు, నాకూ పోయాడు అన్నాడు. కొడుకుని పోగొట్టుకున్న తండ్రి కొడుకుని స్నేహితుడు అనడం నాకు అప్పుడు వింతగా తోచింది. ఇప్పుడు నాకూ కొడుకున్నాడు కాబట్టి అర్థమవుతోంది. తర్వాత ఎనిమిదేళ్ల బిండీ కాగితం చూసి చదివింది. నాన్నే నా హీరో, నాన్న మొదలుపెట్టిన పని ఆగకూడదు అని. గొంతు తడబడలేదు. మా గదిలో ఉన్న పంజాబీ కుర్రాడు, అప్పటిదాకా ఫోన్ చూసుకుంటున్నవాడు, లేచి బాత్రూమ్‌లోకి వెళ్లి తలుపేసుకున్నాడు. చివర్లో స్టీవ్ వాడిన ట్రక్కుని సామానుతో సహా మైదానంలోంచి బయటికి నడిపించారు, సిబ్బంది పసుపుపచ్చ పూలతో నేల మీద "క్రైకీ" అని పేర్చారు.

ఇక హడావుడి వాటా. ఆ సభని ప్రపంచవ్యాప్తంగా 30 కోట్ల మంది చూశారని ప్రచారం జరిగింది. ఆ లెక్క ఎవరు ఎలా కట్టారో గానీ నేను నమ్మను. ఛానళ్లు పాత క్లిప్పులు అరగదీశాయి. జెర్మేన్ గ్రీర్ అనే ఆస్ట్రేలియా రచయిత్రి, ఆయన పోయిన మర్నాడే, బ్రిటన్‌లో గార్డియన్ పత్రికలో జంతులోకం చివరికి కక్ష తీర్చుకుందన్నట్టు రాసింది. దాంతో జనం కోపమంతా ఆవిడ మీద పడింది. అడవి జంతువుల్ని అలా పట్టుకుని కెమెరా ముందు ఆడించవచ్చా అని ఆవిడ లేవనెత్తిన విషయంలో పస ఉంది. కానీ శవం ఇంట్లో ఉండగా లెక్కలు తీయడం ఏ ఊళ్లోనైనా తప్పే.

అంతకంటే ఘోరం ఇంకొకటి జరిగింది. తర్వాతి రోజుల్లో క్వీన్స్‌లాండ్ తీరంలో పది దాకా స్టింగ్‌రేలు చచ్చి కనిపించాయి, కొన్నిటికి తోకలు కోసేసి ఉన్నాయి. మా కాకినాడ రేవులో కూడా టేకు చేప వలలో పడితే ముందు తోక నరికేస్తారు, చేతికి ముల్లు గుచ్చుకోకుండా. కానీ వాళ్లు తర్వాత దాన్ని అమ్ముకుంటారు. క్వీన్స్‌లాండ్‌లో మాత్రం ఇసుక మీద పారేసి పోయారు. అభిమానుల ప్రతీకారమేనని చాలామంది అనుమానించారు. ఇది స్టీవ్ కోరుకునేది కాదు, ఆపండని ఆయన స్థాపించిన వైల్డ్‌లైఫ్ వారియర్స్ సంస్థవాళ్లు బహిరంగంగా చెప్పాల్సి వచ్చింది. మొసలిని, పాముని, ఎవరూ ఇష్టపడని జీవినల్లా ప్రేమించమని అరిచి అరిచి చెప్పినవాడి పేరుమీద ఈ పని! కాబట్టి దుఃఖం నిజమైనదైనంత మాత్రాన మంచిదే అయి ఉండాలని లేదు. పెట్రోలు బంకులో ఏడ్చినవాళ్లూ, బీచ్‌లో కత్తి పట్టుకున్నవాళ్లూ ఒకే వార్త విన్నారు.

ఒక్క విషయంలో మాత్రం నాకు ఆస్ట్రేలియావాళ్లంటే గౌరవం. చావు దృశ్యం కెమెరాలో ఉంది. పోలీసులు కాపీలన్నీ ధ్వంసం చేసి, అసలుది టెర్రీకి ఇచ్చేశారు. అది ఎప్పటికీ ప్రసారం కాదని ఆవిడ తేల్చి చెప్పింది, కాలేదు కూడా. మన ఛానళ్లకి దొరికి ఉంటే ఎర్ర వృత్తం గీసి, స్లో మోషన్‌లో ఎన్నిసార్లు వేసేవో మీకూ తెలుసు.

ఇక "ఇప్పుడెవరికైనా గుర్తున్నాడా" అని కింద అడిగారు. జూకి వెళ్లే రోడ్డు 2007 నుంచి స్టీవ్ ఇర్విన్ వే. ఏటా నవంబర్ 15న ఆయన పేరుతో ఒక రోజు జరుపుతారు. తండ్రీకొడుకులు చేపలు పట్టడానికి వెళ్లినప్పుడు బర్డెకిన్ నదిలో దొరికిన తాబేలు జాతికి ఇర్విన్ పేరే ఉంది. చంకలో ఉన్న ఆ పిల్లాడు రాబర్ట్ ఇప్పుడు పెద్దవాడై, అదే ఖాకీలో, నాన్న మేపిన మర్రే అనే మొసలికే మేత వేస్తున్నాడు. ఎప్పుడైనా బ్రిస్బేన్ వెళ్తే బీర్వా వెళ్లిరండి. టికెట్ ఖరీదెక్కువే, పిల్లలతో అయితే రోజంతా పడుతుంది. జూ పక్కనే జంతువుల ఆసుపత్రి ఉంది. 2004లో ఒక పాత అవకాడో ప్యాకింగ్ షెడ్డులో, స్టీవ్ వాళ్లమ్మ లిన్ జ్ఞాపకంగా మొదలుపెట్టారు. కార్ల కింద పడిన కోలాలు, కంగారూలు, పక్షులు ఇప్పటికి లక్షకు పైగా అక్కడ వైద్యం చేయించుకున్నాయి. అది చూడకుండా రాకండి.