‘వంద వరకు’ అన్న జీతంలో నెలనెలా చేతికి వచ్చేదెంత?

ప్రశ్న: అకౌంట్స్ విభాగంలో పనిచేస్తున్నాను. ఉద్యోగం మారాలని ఆన్‌లైన్‌లో వెతుకుతూ, ఎక్కువ జీతం చూపిన ప్రకటనలకే దరఖాస్తు చేస్తున్నాను. జీతం రాయనివి తెరవను కూడా. పెరగబోయే జీతాన్ని నమ్ముకుని ఇంటి రుణం తీసుకోవచ్చా?

జవాబు: ఇప్పుడే వద్దు. ఆఫర్ లెటర్ వచ్చి, మొదటి జీతం ఖాతాలో పడ్డాక ఆలోచిద్దాం.

ప్రకటనలో మన కన్ను పై అంకె మీదే నిలుస్తుంది. ఇప్పుడు మీకు నెలకు 80 (అంకెలన్నీ వేలల్లో) వస్తోందనుకుందాం. ‘70 నుంచి 100 వరకు’ అన్న ప్రకటన చూసి వెళ్లారు, 90కి కుదిరింది. అందులో 15 పనితీరు బోనస్, 6 సంస్థ కట్టే పెన్షన్ వాటా అయితే నెలనెలా అందేది 69. పన్ను కూడా అందులోంచే పోవాలి. పెన్షన్ సొమ్ము మీదే, కాదనను. కానీ దానితో వాయిదా కట్టలేరు కదా! కాగితం మీద జీతం పెరిగింది, ఇంటి ఖర్చుకు మాత్రం తగ్గింది.

జీతం రాయని ప్రకటనలను వదిలేయడం నాకు నచ్చలేదు. అమెరికాలో కెరీర్‌బిల్డర్ సైట్ ప్రకటనలను ఆర్థికవేత్తలు ఇయోనా మారినెస్కు, రోనాల్డ్ వోల్థాఫ్ పరిశీలిస్తే, సుమారు ఐదింట ఒక వంతు ప్రకటనల్లోనే జీతం కనిపించింది. ఇంకో విశేషం: అన్ని ఉద్యోగాలనూ కలిపి చూస్తే ఎక్కువ జీతం చూపిన వాటికి దరఖాస్తులు తక్కువ, ఒకే హోదాలోని వాటిని పోలిస్తే ఎక్కువ. పెద్ద జీతమంటే పెద్ద అనుభవం అడుగుతారని చాలామంది ముందే తప్పుకుంటారు. మీ హోదాలోనే పెద్ద అంకె కనిపిస్తే మాత్రం పోటీ గట్టిగా ఉంటుంది. అందరూ గుమిగూడే చోటే మీరూ నిలబడుతున్నారు.

మీ హోదాకు, మీ అనుభవానికి వేర్వేరు సంస్థలు చూపుతున్న జీతాలను రాసిపెట్టుకోండి. జీతం చెప్పని సంస్థతో మాట్లాడేటప్పుడు అదే మీ ఆధారం. అడగడానికి మొహమాటం వద్దు; అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో 2021 నుంచి ప్రకటనలో జీతం చెప్పడం చట్టమే. మొదటి సంభాషణలోనే స్థిర జీతం ఎంతో, కిందటేడు బోనస్ పూర్తిగా ఎంతమందికి అందిందో అడగండి. రుణ వాయిదాను ఆ స్థిర జీతం మీదే లెక్కకట్టండి. ప్రొబేషన్ ముగిసేదాకా ఆరు నెలల ఖర్చులకు సరిపడా సొమ్మును కదపకండి.