విన్నిపెగ్‌లో హాకీ చూడబోయే మేనకోడలికి

చిట్టితల్లికి మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. కెనడాలో మీ విన్నిపెగ్ ఆఫీసులో సోమవారం పొద్దున్న అందరూ ఐస్ హాకీ గురించే మాట్లాడుకుంటుంటే కాఫీ కప్పు పట్టుకుని ఊరికే నిలబడుతున్నానని రాశావు. సరే చూద్దామని టీవీ పెడితే పక్ ఎక్కడుందో కనపడక తలనొప్పి వచ్చిందన్నావు. ఆ ఊళ్ళో నేను 1989 నుంచి ముప్పై ఏళ్ళకు పైగా ఉన్నాను తల్లీ. రిటైరై రాజమండ్రి వచ్చేసినా, మీ ఊరి జట్టు జెట్స్ ఆట ఉన్న రోజు మీ అత్తయ్య కంటే ముందే లేస్తాను. మీకు రాత్రి ఏడు గంటల ఆట అంటే శీతాకాలంలో మాకు మర్నాడు పొద్దున ఆరున్నర. ఈ ఆట నాకు ఎంత ఇచ్చిందో తెలుసు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ముందుగా, పక్ కోసం వెతకడం మానెయ్యి. అది మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న నల్ల రబ్బరు బిళ్ళ. ఎక్కువగా ఎగిరిపడకుండా ఆటకు ముందు దాన్ని గడ్డకట్టేలా చల్లబరుస్తారు. గట్టిగా కొడితే గంటకు 160 కిలోమీటర్ల వేగం దాటుతుంది. అలవాటు లేని కంటికి అది దొరకదు. ఈ ఇబ్బంది నీ ఒక్కదానిదే కాదు. 1996లో అమెరికాలో ఫాక్స్ టీవీ వాళ్ళు తెర మీద పక్ చుట్టూ నీలం వెలుగు కనపడేలా చేశారు. పాత అభిమానులు చాలామంది విసుక్కున్నారు, కొన్నాళ్ళకు అది పోయింది. వాళ్ళు ఎందుకు విసుక్కున్నారో నాకు మెల్లగా తెలిసింది. ఆట తెలిసినవాళ్ళు చూసేది మనుషుల్ని. ఆటగాళ్ళ భుజాలు, మోకాళ్ళు ఎటు తిరుగుతున్నాయో చూడు. పక్ ఎక్కడుందో, ఇంకో క్షణంలో ఎక్కడికి పోతుందో వాళ్ళ ఒంట్లోనే కనపడుతుంది.

ఇది టీవీలో పట్టుబడదు, రింక్‌కి, అంటే ఆ మంచు మైదానానికి, వెళ్ళాలి. జెట్స్ టికెట్ ఖరీదు. మొదట మానిటోబా మూస్ ఆటకు వెళ్ళు. జెట్స్‌లోకి వెళ్ళబోయే కుర్రాళ్ళు ఆడే జట్టు అది. జెట్స్ ఆడే కెనడా లైఫ్ సెంటర్‌లోనే వీళ్ళూ ఆడతారు, టికెట్ చాలా తక్కువ. మంచు చుట్టూ ఉండే అద్దం పక్క సీటు కోసం ఆశపడకు. కాస్త పైన, మూల వైపు కూర్చో. 200 అడుగుల పొడవు మంచు మొత్తం ఒక్క చూపులో కనపడుతుంది. లోపల కూడా చలిగానే ఉంటుంది, స్వెటర్ మర్చిపోకు.

కూర్చున్నాక బెంచి వైపు చూడు. మంచు మీద ఒక్కో జట్టుకు ఐదుగురూ, ఒక గోలీ (గోల్‌కీపర్) ఉంటారు. ఆ ఐదుగురూ సాధారణంగా ముప్పావు నిమిషం కంటే ఎక్కువసేపు ఉండరు. ఊపిరి అందనంతగా పరుగెత్తి, అడ్డుగోడ దూకి లోపలికి వచ్చేస్తారు, వేరే వాళ్ళు బయటికి దూకుతారు. ఆట మాత్రం ఆగదు. మనం క్రికెట్ చూస్తూ పెరిగినవాళ్ళం, బంతికీ బంతికీ మధ్య మాట్లాడుకునే తీరిక మనకు అలవాటు. ఇక్కడ ఆ తీరిక లేదు. మొదట్లో అది ఊపిరాడనట్టు ఉంటుంది. ఓ పది ఆటలయ్యాక ఆ వేగమే కావాలనిపిస్తుంది.

రూల్స్ గురించి టెన్షన్ పడకు. రెండు తెలిస్తే చాలు. పక్ కంటే ముందు నువ్వు ఎదుటివాళ్ళ నీలం గీత దాటకూడదు. సగం మంచు ఇవతల నుంచి పక్‌ని అవతలి చివరికి ఊరికే తోసేయకూడదు. పవర్ ప్లే అనే మాట క్రికెట్‌లో విన్నదే కానీ ఇక్కడ అర్థం వేరు. తప్పు చేసినవాడు సాధారణంగా రెండు నిమిషాలు మంచు పక్కనుండే పెనాల్టీ పెట్టెలో కూర్చుంటాడు, వాడి జట్టు ఒక మనిషి తక్కువతో ఆడాలి. మిగిలిన నలుగురూ చతురస్రంలా నిలబడి, కొట్టిన పక్‌కి ఒళ్ళు అడ్డం పెడతారు చూడు. రింక్‌లో పెద్దవాళ్ళు గోల్‌కి కొట్టినన్ని చప్పట్లు దానికీ కొడతారు.

నన్ను ఈ ఆటకు పూర్తిగా కట్టిపడేసింది మాత్రం ఖాళీ గోల్. ఒక్క గోల్ వెనకబడి, ఇంకో రెండు నిమిషాల్లో ఆట అయిపోతుందనగా గోలీని వెనక్కి పిలిచేస్తారు. ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తున్న గోల్‌ని గాలికి వదిలేసి ఆరో మనిషిని దాడికి పంపుతారు. అవతలివాళ్ళు పక్ లాక్కుని దూరం నుంచి మెల్లగా తోసినా గోలే. అంత తెగింపు ఇంకే ఆటలోనూ నేను చూడలేదు.

2025 మే 4న ప్లేఆఫ్స్‌లో సెయింట్ లూయిస్ బ్లూస్‌తో సిరీస్‌లో ఏడోదీ చివరిదీ అయిన ఆట. ఓడితే ఇంటికే. ఇంకో రెండు నిమిషాలు ఉందనగా జెట్స్ 3-1తో వెనకబడి ఉన్నారు. గోల్ ఖాళీ చేశారు. నమెస్నికోవ్ ఒకటి వేశాడు. మళ్ళీ గోల్ ఖాళీ. చివరి రెండు సెకన్ల లోపే కోల్ పెర్ఫెట్టి కర్ర తగిలి పక్ లోపలికి మళ్ళింది. ఆట సమమైంది. ఒక ఓవర్‌టైమ్ గడిచింది, రెండోది మొదలైంది, అందులో కెప్టెన్ ఆడమ్ లౌరీ గెలిపించాడు. ఇక్కడ చీకటితో మొదలుపెట్టినవాణ్ణి, ఎండెక్కాక కుర్చీలోంచి లేచాను. చేతులు వణుకుతున్నాయి. మీ అత్తయ్య కంగారుపడి మంచినీళ్ళు తెచ్చింది.

కొట్లాటల గురించి అడిగావు. అవి ఉన్నాయి, జనం లేచి నిలబడి అరుస్తారు కూడా. నాకు నచ్చవు. తలకు తగిలే దెబ్బలు తర్వాత జీవితమంతా వెంటాడతాయి. పైగా ఇప్పుడు చాలా ఆటలు ఒక్క కొట్లాట కూడా లేకుండానే అయిపోతున్నాయి. ఆ సమయంలో కళ్ళు తిప్పుకున్నా నిన్నెవరూ ఏమీ అనరు.

నీ ఆఫీసువాళ్ళ సంగతికొస్తాను. వాళ్ళకు ఈ జట్టు ఒకసారి చేజారిపోయింది. 1996 ఏప్రిల్‌లో పాత విన్నిపెగ్ అరీనాలో ఎలిజబెత్ రాణి పెద్ద చిత్రపటం కింద చివరి ఆట ఆడి, డెట్రాయిట్ చేతిలో ఓడి, జట్టు ఫీనిక్స్‌కి తరలిపోయింది. డబ్బు చాలలేదు. అంతకు ముందు ఏడాది జట్టును నిలబెట్టుకోవాలని పిల్లలు కూడా కిడ్డీ బ్యాంకులు పగలగొట్టి డబ్బులిచ్చారు. ఆ చివరి ఆట మర్నాడు నా పక్క టేబుల్ ఆయన, అరవై ఏళ్ళ మనిషి, పని చేయలేక కిటికీ దగ్గర నిలబడిపోయాడు. ఏం చెప్పాలో తెలియక నేనూ వెళ్ళి పక్కన నిలబడ్డాను. పదిహేనేళ్ళ తర్వాత, 2011లో, అట్లాంటా జట్టు విన్నిపెగ్ వచ్చింది. సీజన్ టికెట్లు అందరికీ అమ్మకానికి పెట్టిన రోజు 17 నిమిషాల్లో అయిపోయాయి. ఇప్పుడు ప్లేఆఫ్స్‌లో రింక్ అంతా తెల్లబట్టలతో నిండిపోతుంది. జాతీయ గీతంలో ఒకచోట అందరూ ఒక్కసారిగా "ట్రూ నార్త్" అని గట్టిగా అరుస్తారు. నువ్వూ అరిచెయ్యి. కొత్తదానివని మొహమాటపడకు.

ఇంకొక్కటి చూడాలి నువ్వు. ప్లేఆఫ్స్‌లో ఒక సిరీస్ ముగియగానే గెలిచినవాళ్ళూ ఓడినవాళ్ళూ వరసగా నిలబడి ఒక్కొక్కరికీ చేతులు కలుపుతారు. టీవీ కట్టేసి లేచిపోకు. ఆ సెయింట్ లూయిస్ గెలుపు తర్వాత రెండు వారాలకే డల్లాస్‌తో ఆరో ఆట. ఆ ఆటకు ముందే జెట్స్ ఆటగాడు మార్క్ షైఫ్లీ తండ్రి హఠాత్తుగా పోయాడు. అయినా అతను ఆడతానన్నాడు. జట్టుకు గోల్ వేశాడు. చివరి సెకన్లలో, ఒంటరిగా గోల్ మీదికి దూసుకుపోతున్న డల్లాస్ ఆటగాణ్ణి అతను పడగొట్టక తప్పలేదు. ఓవర్‌టైమ్‌లో అతను పెట్టెలో కూర్చుని ఉండగానే డల్లాస్ గోల్ వేసింది. సీజన్ ముగిసిపోయింది. పెట్టెలోంచి బయటికి రాగానే జట్టంతా అతన్ని చుట్టుముట్టింది. ఆ తర్వాత వరసలో డల్లాస్ వాళ్ళు అతన్ని దగ్గరికి తీసుకున్నారు. కాసేపటి క్రితం గోడకేసి గుద్దినవాళ్ళే. ఆ రోజు నేను చాలాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను. మా నాన్న పోయినప్పుడు ఆ ఊళ్ళోనే ఉన్నాను, సమయానికి రాలేకపోయాను. నీకు తెలుసుగా.

మూస్ టికెట్ ఈ వారమే కొను. ఆఫీసులో ఎవరైనా వస్తారేమో అడుగు, ఆట పక్కన కూర్చున్నవాళ్ళతోనే అర్థమవుతుంది. చూసొచ్చాక ఫోన్ చెయ్యి. స్కోరు ఇక్కడ నేనూ చూస్తాను, నువ్వు మాత్రం గోలీ ఎలా ఆడాడో చెప్పు.

ప్రేమతో,
మీ మావయ్య