రోటరీనా, చేతి ఫైల్సా? ఒకే పన్నుకి రెండూ అయ్యాయి నాకు

రోటరీతో, అంటే మోటారుతో తిరిగే ఫైల్స్‌తో రూట్ కెనాల్ చేస్తే రేటు ఎక్కువ, చేత్తో తిప్పే ఫైల్స్‌తో అయితే తక్కువ అన్నారట మీ డాక్టర్. ఫైల్ అంటే పన్ను వేరు లోపలి సన్నటి కాలువను గీకి శుభ్రం చేసే సూదిలాంటి పనిముట్టు. దేనికి నొప్పి తక్కువ, దేనితో ఇన్ఫెక్షన్ పోతుంది అని అడిగారు. నా పై దవడ పన్నుకి మొదట చేతి ఫైల్స్‌తో చేశారు. నాలుగేళ్లకి చిగురు మీద చీముపొక్కు లేస్తే, వేరే డాక్టర్ రోటరీతో మళ్లీ చేశారండి.

నొప్పి సంగతి. మత్తు సరిగ్గా ఎక్కితే ఏ ఫైల్ అయినా పని జరిగేటప్పుడు తెలియదు. తేడా తర్వాతే. మొదటిసారి మూడు సిట్టింగులు, ప్రతిసారీ రెండు రోజులు ఆ పక్క నమలలేకపోయాను. రోటరీ అప్పుడు ఒక్క రాత్రి సలిపింది. చేతి ఫైల్‌ని పైకీ కిందకీ ఆడించేటప్పుడు లోపలి చెత్త కొంత వేరు చివర దాటి బయటికి పోతుంది, అక్కడ వాచి నొప్పెడుతుంది. తిరిగే ఫైల్ ఆ చెత్తను ఎక్కువగా పైకి లాగుతుంది. అలాగని అసలు పోదని కాదు.

ఇన్ఫెక్షన్ దగ్గర మాత్రం ఫైల్ కంటే ముందు చూడాల్సినవి ఉన్నాయి. ఏ ఫైలూ కాలువ గోడలన్నిటినీ తాకలేదు. ఫైల్ దారి వెడల్పు చేస్తుంది, క్రిముల్ని చంపేది సోడియం హైపోక్లోరైట్, అంటే బ్లీచింగ్ వాసన వచ్చే ఆ ద్రవం. మొదటిసారి నాకు రబ్బర్ డ్యామ్, అంటే ఉమ్మి లోపలికి పోకుండా పన్ను చుట్టూ బిగించే రబ్బరు షీటు, వేయలేదు. పన్ను తెరిచి ఉండగానే మధ్యలో లేచి నీళ్లు పుక్కిలించి ఉమ్మాను, రెండు మూడుసార్లు. ఆ ఉమ్మంతా కాలువల్లోకే కదా! పైగా అలాంటి పన్నుకి తరచుగా ఉండే నాలుగో కాలువ, వెంట్రుకంత సన్నది, ఎవరికీ కనిపించలేదు. రెండో డాక్టర్ భూతద్దాల కళ్లజోడు పెట్టుకుని దాన్ని వెతికి పట్టుకున్నారు. మధ్యలో యాంటీబయాటిక్స్ రెండు కోర్సులు మింగాను. వాపు దిగేది, మళ్లీ వచ్చేది. చచ్చిపోయిన నాడికి రక్తం అందదు, ఇక మందు ఎలా చేరుతుంది?

రోటరీకీ ఒక ఇబ్బంది ఉంది. అందులో వాడే నికెల్ టైటానియం ఫైల్ వంకర కాలువలో చెప్పాపెట్టకుండా విరగొచ్చు, ఎక్కువసార్లు వాడినదైతే మరీను. చేత్తో తిప్పే స్టీలు ఫైల్ చాలాసార్లు ముందే మెలి విడిపోయి కనిపిస్తుంది. అందుకే రోటరీ చేసేవాళ్లు కూడా ముందు పది నంబర్ ఊదారంగు చేతి ఫైల్‌తో దారి చూసుకుంటారు.

కాబట్టి డాక్టర్‌ని ఇలా అడగండి: రబ్బర్ డ్యామ్ వేస్తారా, ఫైల్స్ కొత్తవా లేక ఆటోక్లేవ్ చేసిన (ఆవిరి వేడితో క్రిములు చంపిన) కవర్ నా ముందే విప్పుతారా? డ్యామ్ లేని రోటరీ కంటే డ్యామ్ వేసి ఓపిగ్గా చేసే చేతి ఫైల్స్‌కే నా ఓటు. డ్యామ్, రోటరీ రెండూ ఉంటే, డబ్బు కుదిరితే, రోటరీ చేయించుకోండి. ఈలోగా ముఖం వాచినా, జ్వరం వచ్చినా, నోరు తెరవడమో మింగడమో కష్టమైనా అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఆ రోజే వెళ్లండి.