దూడకి గంజి ఉడకబెట్టి పోసినా ఎందుకు పారుతోంది?

ప్రశ్న: సార్, మాది చీపురుపల్లి దగ్గర. జెర్సీ క్రాస్ పెయ్యదూడకి 20 రోజులు. పాలు డెయిరీకి పోస్తున్నాం కాబట్టి దూడకి కొంచెమే వదిలి, మిగతా కడుపుకి నూకల గంజి, చోడి అంబలి బాగా ఉడకబెట్టి బెల్లం కలిపి సీసాతో పోస్తున్నాం. నాలుగు రోజులుగా పల్చగా పారుతోంది. సరిగ్గా ఉడకట్లేదా, పచ్చి పిండే పెట్టాలా?

జవాబు: అన్నా, గంజి, అంబలి, బెల్లం మూడూ ఈరోజే ఆపేయండి, పాలు మాత్రం ఆపొద్దు. ఉడకడంలో లోపం లేదు. పిండిపదార్థం ఉడికితే దాని రేణువులు నీళ్ళు పీల్చి ఉబ్బి పగులుతాయి, అప్పుడు ఎమైలేజ్ అనే ఎంజైమ్ సులువుగా లోపలికెళ్ళి ముక్కలు చేస్తుంది, ఆ ముక్కల్ని పేగు గోడ మీదుండే మాల్టేజ్ గ్లూకోజ్ చేస్తుంది, మనకీ కుక్కకీ ఉడికింది తేలిగ్గా అరిగేది ఇందుకే. కానీ ఈ వయసు దూడకి దండిగా ఉండేది లాక్టేజ్, అది పాలలో చక్కెరకే పనికొస్తుంది. ఎమైలేజ్, మాల్టేజ్ చాలా తక్కువ, వారాలు గడిచేకొద్దీ మెల్లగా పెరుగుతాయి. చేను కోతకొచ్చింది గానీ కూలీలు ఇంకా దిగలేదన్నమాట. బెల్లం అయితే అసలే వద్దు, దాన్ని అరిగించే సుక్రేజ్ ఆవుజాతి పేగులో ఉండదు, పెద్దయ్యాకా రాదు. అరగనిదంతా పెద్దపేగులో పులిసి నీళ్ళు లాగేసి పారుడవుతుంది.

మరి పచ్చిది ఎలా అరుగుతుంది అంటారా, అది వెళ్ళే దారే వేరు. పాలలాంటి ద్రవం దూడ చప్పరించి తాగితే మొదటి పొట్టలో పడకుండా నేరుగా నాలుగో పొట్టకి, అక్కణ్ణుంచి పేగుకి పోతుంది. పొడిగా నమిలింది మొదటి పొట్టలోనే పడుతుంది, అక్కడ సూక్ష్మజీవులే దాన్ని పులియబెడతాయి కాబట్టి దూడ సొంత ఎంజైమ్‌తో పెద్దగా పని లేదు, పైగా అప్పుడు పుట్టే ఆమ్లాల వల్లే ఆ పొట్ట ఎదుగుతుంది. అందుకే పచ్చి మొక్కజొన్న రవ్వ, వేరుశనగ చెక్క, తవుడు, మినరల్ మిక్చర్ కలిపిన దాణా పొడిగానే గుప్పెడు పెట్టండి, పక్కన మంచినీళ్ళు ఎప్పుడూ ఉండాలి. పాలు మాత్రం దూడ బరువులో పదో వంతు, అంటే 25 కిలోల దూడకి రోజుకి రెండున్నర లీటర్లు ఇవ్వాల్సిందే, డెయిరీ డబ్బు కొంచెం తగ్గినా రేపు పాలిచ్చేది ఈ పెయ్యే కదా. రోజుకి కిలో దాకా దాణా తినడం మొదలెట్టాక పాలు తగ్గించుకోవచ్చు.

ఇప్పుడు పారుతోంది కాబట్టి పశువుల ఓఆర్ఎస్ పాలకీ పాలకీ మధ్యలో పట్టండి, గొంతులో బలవంతంగా పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. జ్వరం, పేడలో రక్తం, కళ్ళు లోపలికి పోవడం, లేవలేకపోవడం, వీటిల్లో ఏది కనిపించినా అది గంజి ఒక్కదాని వల్లే కాకపోవచ్చు, ఆలస్యం చెయ్యకుండా పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చెయ్యండి.

మిగిలిన గంజి తల్లి ఆవుకి తవుడులో కాస్త కలిపితే పర్లేదు. అన్నం మాత్రం బేసిన్ల కొద్దీ పెట్టకండి, ఒక్కసారిగా పొట్టలో ఆమ్లం పెరిగి ఆవు ప్రాణం మీదకొస్తుంది.