టెక్ సందేహాలు: పెళ్లి వీడియోల ఎడిటింగ్‌కు రెండున్నర లక్షల ల్యాప్‌టాప్ కొనొచ్చా?

ప్రశ్న: విజయవాడ గవర్నర్‌పేటలో చిన్న స్టూడియో నడుపుతున్నాను. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, ప్రీవెడ్డింగ్ షూట్లు చేస్తాను. ఎడిటింగ్ అంతా డెస్క్‌టాప్‌లో, ఎడియస్ అనే సాఫ్ట్‌వేర్‌లో. కొత్త కెమెరా తీసుకున్నాక 4కే ఫుటేజీ టైమ్‌లైన్ మీద ఆగి ఆగి కదులుతోంది. పైగా పొద్దున పెళ్లి, సాయంత్రం రిసెప్షన్‌లో హైలైట్స్ చూపించమని పార్టీలు అడుగుతున్నారు. ఎం4 ప్రో చిప్, 24 జీబీ మెమరీ, 512 జీబీ స్టోరేజీ ఉన్న 16 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రో చూశాను. రెండున్నర లక్షలు. ఆల్బమ్‌లు కూడా నేనే ఫొటోషాప్‌లో అను ఫాంట్లతో డిజైన్ చేస్తాను. కొనొచ్చా సార్?

జవాబు: ఎడియస్ వదిలి వేరే సాఫ్ట్‌వేర్‌కు మారడానికి మీరు సిద్ధమేనా? ముందు ఇది తేల్చుకోండి. ఎడియస్ విండోస్‌లో మాత్రమే నడుస్తుంది, దానికి మ్యాక్ వెర్షన్ లేదు. మ్యాక్ తీసుకుంటే ప్రీమియర్ ప్రో, డావిన్సీ రిజాల్వ్, ఫైనల్ కట్ ప్రో, ఈ మూడింట్లో ఒకటి నేర్చుకోవాలి. ఏళ్ల తరబడి పోగేసుకున్న టైటిల్ ప్రాజెక్టులు, ఎఫెక్టులు అటు రావు. చేతికి అలవాటైన షార్ట్‌కట్లు మారిపోతాయి. సీజన్ మధ్యలో ఈ మార్పు పెట్టుకుంటే డెలివరీలన్నీ వెనకబడి టెన్షన్ తప్పదు. మారాలనుకుంటే ఆషాఢంలోనో, మూఢాల్లోనో మొదలుపెట్టండి.

రెండో సంగతి. ఫుటేజీ ఆగిపోవడానికి మీ డెస్క్‌టాప్ పాతబడటమే కారణం కాకపోవచ్చు. కొత్త మిర్రర్‌లెస్ కెమెరాల్లో హెచ్.265, 10 బిట్, 4:2:2 అనే రికార్డింగ్ సెట్టింగ్ ఉంటుంది. రంగుల సమాచారం ఎక్కువ ఉంటుంది కాబట్టి గ్రేడింగ్‌కు, అంటే రంగులు సరిదిద్దడానికి, చాలా బాగుంటుంది. కానీ ఆ ఫైలును విప్పి చూపించడానికి చిప్‌లోనే ప్రత్యేకమైన ఏర్పాటు ఉండాలి. ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డుల్లో అది ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తోనే వచ్చింది. అంతకుముందు కార్డు ఎంత ఖరీదైనదైనా ఈ రకం ఫైలు దగ్గర భారమంతా ప్రాసెసర్ మీదే పడుతుంది. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో 11వ తరం నుంచి క్విక్ సింక్ అనే భాగం ఈ పని చేస్తోంది, ఎడియస్ కూడా క్విక్ సింక్‌ను వాడుకుంటుంది. అయితే ప్రాసెసర్ నంబరు చివర ఎఫ్ అక్షరం ఉంటే అందులో గ్రాఫిక్స్ భాగం ఉండదు, దానితోపాటు క్విక్ సింక్ కూడా ఉండదు. గ్రాఫిక్స్ కార్డు ఎలాగూ వేస్తున్నాం కదా, కాస్త ఖర్చు తగ్గుతుందని అసెంబుల్ చేసేవాళ్లు ఎఫ్ రకం వేస్తుంటారు. మీ సిస్టమ్‌లో ఏ నంబరు ఉందో ఈరోజే చూడండి. ఎఫ్ లేకపోతే బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే మూల సెట్టింగ్స్‌లో) ఇంటెల్ గ్రాఫిక్స్ ఆన్‌లో ఉందో లేదో కూడా చూడండి. ఒక ప్రాసెసర్ మార్చితే తీరిపోయే ఇబ్బందికి రెండున్నర లక్షల ఈఎంఐ తలకెత్తుకోవద్దు.

ఫంక్షన్ హాల్లో కూర్చుని సాయంత్రానికి హైలైట్స్ తయారు చేయడం వేరే అవసరం. దానికి డెస్క్‌టాప్ పనికిరాదు. ఈ పనిలో మాత్రం మ్యాక్‌బుక్ ప్రో నిజంగా గట్టిది. నేను పైన చెప్పిన రకం ఫైళ్లను ఆ చిప్ తడబడకుండా విప్పుతుంది. కార్డు స్లాట్, హెచ్‌డీఎంఐ పోర్టు ల్యాప్‌టాప్‌కే ఉన్నాయి కాబట్టి కెమెరా కార్డు నేరుగా పెట్టొచ్చు, హాల్లో ఎల్‌ఈడీ వాల్ ఆపరేటర్‌కు కేబుల్ నేరుగా ఇవ్వొచ్చు. అన్నిటికన్నా నాకు నచ్చేది, చార్జర్ తీసేసినా వేగం తగ్గకపోవడం. గ్రాఫిక్స్ కార్డు ఉన్న విండోస్ ల్యాప్‌టాప్‌లు చాలావరకు బ్యాటరీ మీదకు రాగానే బాగా నెమ్మదిస్తాయి. మండపం వెనక గదిలో ఉన్న ఒక్క ప్లగ్ పాయింట్ మేకప్ వాళ్లు తీసుకున్న రోజు ఈ తేడా విలువ తెలుస్తుంది.

అలాగని కంపెనీలు చెప్పే బ్యాటరీ గంటలను నమ్ముకుని బయల్దేరవద్దు. అవి వీడియో చూస్తున్నప్పటి లెక్కలు. 16 అంగుళాల మోడల్‌లో బ్యాటరీ దాదాపు 100 వాట్ అవర్లు. ఎక్స్‌పోర్ట్ పెట్టినప్పుడు మిషన్ 50 వాట్లు లాగిందనుకుంటే రెండు గంటల్లో ఖాళీ.

స్క్రీన్ చాలా అందంగా ఉంటుంది. పట్టుచీర జరీ, నగల మెరుపు దాని మీద చూస్తే పని చేయబుద్ధవుతుంది. కానీ పార్టీ ఇంట్లో టీవీ అంత వెలుగు, అన్ని రంగులు చూపించదు. అందుకే గ్రేడింగ్ రెక్ 709 అనే మామూలు టీవీల రంగుల ప్రమాణంలో చేయండి, పంపేముందు ఒక మామూలు టీవీలో వేసి చూసుకోండి. నల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద తెల్లటి టైటిల్ వేస్తే అక్షరాల చుట్టూ సన్నగా వెలుగు పరుచుకున్నట్టు కనిపిస్తుంది. అది మినీ ఎల్‌ఈడీ తెరల స్వభావం, మీ ఫైల్లో లోపం కాదు.

ఇక లోపాలు. మెమరీ, స్టోరేజీ రెండూ కొన్న రోజు ఎంత ఉంటే చివరిదాకా అంతే. తర్వాత ర్యామ్ వేయించడం, డిస్క్ మార్పించడం కుదరదు. మీ పనికి 24 జీబీ మెమరీ సరిపోతుంది. 512 జీబీ స్టోరేజీ సరిపోదు. లెక్క చూడండి: 140 ఎంబీపీఎస్ (సెకనుకు 140 మెగాబిట్లు) సెట్టింగ్‌లో గంట రికార్డింగ్‌కు 63 జీబీ పడుతుంది. రెండు కెమెరాలు, ఒక్కోటి ఐదు గంటలు అంటే 630 జీబీ. ఒక్క పెళ్లికే నిండిపోయింది. ఫుటేజీని బయటి ఎస్‌ఎస్‌డీలో పెట్టుకుని అక్కడి నుంచే ఎడిట్ చేయాలి, లోపల కూడా కనీసం 1 టీబీ ఉండాలి.

అందుకే 16 అంగుళాలది కాకుండా 14 అంగుళాల ఎం4 ప్రో చూడమంటాను. 2024 అక్టోబరులో ఈ తరం విడుదలైనప్పుడు 16 అంగుళాల ప్రారంభ ధర 2,49,900 రూపాయలు, 14 అంగుళాల ఎం4 ప్రో ధర 1,99,900. చిన్నదాంట్లో కోర్లు కొన్ని తక్కువ, వీడియో ఫైళ్లను విప్పే భాగం మాత్రం అదే. బరువు సుమారు 1.6 కిలోలు, పెద్దది 2.1 పైనే. స్టూడియోలో మీ పాత మానిటర్‌కు తగిలించుకుంటే పెద్ద తెర ఉండనే ఉంటుంది. మిగిలిన 50 వేలు లోపలి స్టోరేజీ పెంచడానికి, రెండు మంచి ఎస్‌ఎస్‌డీలకు పెట్టండి.

ఎస్‌ఎస్‌డీలు రెండు ఎందుకో కూడా చెబుతాను. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరద సింగ్‌నగర్ వైపు ఇళ్లను ముంచినప్పుడు ఎంతమంది కంప్యూటర్లు నీళ్లపాలయ్యాయో మీకు తెలుసు. డెస్క్‌టాప్‌లో హార్డ్ డిస్క్ విడిగా ఉంటుంది కాబట్టి బోర్డు పోయినా డేటా దక్కే ఆశ ఎంతోకొంత ఉంటుంది. ఈ మ్యాక్‌బుక్‌లలో స్టోరేజీ చిప్‌లు బోర్డుకే అంటుకుని ఉంటాయి. డేటా మొత్తం ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, దాన్ని తెరిచే కీ ప్రధాన చిప్‌లో ఉంటుంది. బోర్డు చనిపోతే స్టోరేజీ చిప్ ఊడదీసి ఎవరికిచ్చినా ఏమీ రాదు. వరదే రానక్కర్లేదు, ఒక గ్లాసు కూల్‌డ్రింక్ ఒలికినా చాలు. నీళ్లు పడిన నష్టం మామూలు వారంటీలోకి రాదు. తాళి కట్టిన దృశ్యం మళ్లీ తీయలేం. కాబట్టి కార్డు నుంచి కాపీ చేసేటప్పుడే రెండు డిస్కుల్లోకి కాపీ చేయండి, ఒకటి స్టూడియోలో, ఒకటి ఇంట్లో. ఫైనల్ వీడియో డెలివరీ అయ్యేదాకా కార్డులు ఫార్మాట్ చేయకండి. ఏ కంప్యూటర్ కొన్నా సరే, ఈ ఒక్కటి మాత్రం తప్పకుండా పాటించండి, మిమ్మల్ని బతిమాలుతున్నాను.

అను ఫాంట్ల విషయం. మీ దగ్గరున్న విండోస్ అను స్క్రిప్ట్ మేనేజర్ మ్యాక్‌లో నడవదు. ప్యారలల్స్ అనే సాఫ్ట్‌వేర్ వేసి అందులో విండోస్ తెరవొచ్చు కానీ అది ఆర్మ్ రకం చిప్‌లకు చేసిన విండోస్. మామూలు ప్రోగ్రాములు చాలావరకు తెరుచుకుంటాయి గానీ పాత డ్రైవర్లు, డాంగిల్‌తో (యూఎస్‌బీకి పెట్టే లైసెన్స్ తాళంతో) నడిచేవి మొండికేస్తాయి. ఆల్బమ్ పని డెస్క్‌టాప్‌లోనే ఉంచుకోండి. లేదంటే యూనికోడ్‌కు మారండి. మండలి, రామభద్ర, సురన్న, గిడుగు లాంటి తెలుగు యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఫొటోషాప్‌లో వత్తులు విడిపోయి కనిపిస్తే పేరాగ్రాఫ్ సెట్టింగ్స్‌లో వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోండి, సరిగ్గా కూర్చుంటాయి. శుభలేఖల అక్షరాల్లో అనులో ఉన్నంత వైవిధ్యం ఇంకా ఇక్కడ లేదన్నది నిజం.

పార్టీలు తెచ్చే పెన్‌డ్రైవ్‌లతో కూడా చిన్న చిక్కుంది. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన డ్రైవ్‌ను మ్యాక్ చదువుతుంది, అందులోకి కాపీ మాత్రం చేయనివ్వదు. ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేసి ఇవ్వండి. పాత టీవీలు ఫ్యాట్32 మాత్రమే గుర్తిస్తాయి, అందులో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు.

మన ఎండల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఈ ల్యాప్‌టాప్‌లను 10 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని యాపిల్ చెబుతుంది, వాడకుండా ఉంచడానికైనా 45 డిగ్రీలే హద్దు. మే నెలలో బెజవాడలో ఏసీ లేని షామియానా కింద మొదటి హద్దు దాటిపోతుంది, ఎండలో తలుపులేసి ఆపిన కారులో రెండోది కూడా దాటుతుంది. కారులో వదిలి భోజనానికి వెళ్లకండి, బ్యాటరీ ఆయుష్షు తరిగిపోతుంది. బాడీ అల్యూమినియం కాబట్టి ఎర్త్ సరిగా లేని సాకెట్‌లో, ముఖ్యంగా జనరేటర్ మీద, చార్జింగ్ పెట్టి పనిచేస్తే అరచేతికి జివ్వుమని తగులుతుంది. ఎర్త్ ఉన్న మూడు పిన్నుల ఎక్స్‌టెన్షన్ వెంట ఉంచుకోండి.

మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే బిల్లు స్టూడియో జీఎస్టీ నంబరు మీద తీసుకోండి. 1,99,900లో 18 శాతం పన్ను సుమారు 30,500 రూపాయలు, అది ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోవడానికి, వాడుకోవచ్చు. కాంపోజిషన్ స్కీమ్‌లో ఉంటే ఈ వెసులుబాటు లేదు.

ఇవన్నీ కలిపి నా సలహా: నెలకు రెండు మూడు ఈవెంట్లకైనా అదే రోజు హైలైట్స్‌కు విడిగా డబ్బు ఇచ్చే పార్టీలు ఉంటే 14 అంగుళాలది, 1 టీబీతో తీసుకోండి, డెస్క్‌టాప్ అమ్మకండి. అడగడమే తప్ప దానికి ఎవరూ డబ్బు ఇవ్వకపోతే డెస్క్‌టాప్ బాగుచేయించుకుని ఈ సీజన్ గడపండి. ఎడియస్ వదలలేననుకుంటే ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ కార్డున్న విండోస్ ల్యాప్‌టాప్ చూడండి. చార్జర్ బరువు, ఫ్యాన్ మోత భరించాలి. కానీ చాలా మోడళ్లలో ర్యామ్, ఎస్‌ఎస్‌డీ తర్వాత పెంచుకోవచ్చు.

ప్రశ్న: గుంటూరులో మిర్చి కమీషన్ వ్యాపారం చేస్తాను. మా అమ్మాయి బీటెక్ సివిల్‌లో చేరింది. మంచిది కొంటే నాలుగేళ్లు చూసుకోనక్కర్లేదని షాపులో మ్యాక్‌బుక్ ప్రో చూపించారు. లక్షా డెబ్బై వేలు. డబ్బుకు ఇబ్బంది లేదు, పిల్లకు ఉపయోగపడాలి.

జవాబు: సివిల్‌కు మ్యాక్ వద్దండీ. భవనాల డిజైన్‌కు వాడే స్టాడ్ ప్రో, ఈట్యాబ్స్, రెవిట్, ఈ మూడూ విండోస్ సాఫ్ట్‌వేర్లే. ఆటోక్యాడ్‌కు మ్యాక్ వెర్షన్ ఉంది కానీ మిగతావాటికి పాప రోజూ ఇబ్బంది పడుతుంది. 16 జీబీ ర్యామ్, పెంచుకోవడానికి ఖాళీ స్లాట్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్ తీసుకోండి. రోజూ బ్యాగులో మోసుకెళ్లేది పాపే కాబట్టి బరువు కిలోన్నర దగ్గర ఉండేలా చూడండి. మొదటి రెండేళ్లు గ్రాఫిక్స్ కార్డు అవసరం పెద్దగా పడదు. ఆటోక్యాడ్, రెవిట్ రెండూ విద్యార్థులకు ఆటోడెస్క్ ఉచితంగా ఇస్తుంది, కాలేజీ వివరాలతో రిజిస్టర్ చేసుకుంటే చాలు. క్రాక్ చేసిన కాపీలు వేయించకండి, వాటితో వైరస్‌లు వస్తాయి. మిగిలే డబ్బులో కొంత మూడేళ్ల ఆన్‌సైట్ వారంటీకి పెట్టండి. హాస్టల్‌లో ఉన్న పిల్లకు చిప్ వేగం కన్నా అదే ఎక్కువ అక్కరకొస్తుంది.

ప్రశ్న: గుంటూరు అరండల్‌పేటలో తెలిసినాయన 2019 నాటి 16 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రో, ఇంటెల్ ఐ9, 65 వేలకు ఇస్తానంటున్నారు. అప్పట్లో రెండు లక్షలు పైనే అట. తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. అప్పటి ధర చూసి మోసపోకండి. ఇంటెల్ మ్యాక్‌లకు 2025లో వచ్చిన మ్యాక్ ఓఎస్ టాహోనే చివరి వెర్షన్ అని యాపిల్ ప్రకటించింది. పైగా ఆ ఐ9 బాగా వేడెక్కుతుంది. సెకండ్ హ్యాండ్ మ్యాకే కావాలంటే 2021లో వచ్చిన ఎం1 ప్రో నుంచి పైవి వెతకండి. కొనేముందు బ్యాటరీ సైకిల్ కౌంట్ (ఎన్ని పూర్తి చార్జింగ్‌లు ఖర్చయ్యాయో చెప్పే లెక్క) చూడండి, 1000 దగ్గరికి వస్తే బ్యాటరీ మార్పించే ఖర్చు ధరలో తగ్గించమనండి. అమ్మే మనిషి మీ ముందే తన యాపిల్ ఐడీ నుంచి సైన్ అవుట్ అయి, మొత్తం ఎరేజ్ చేసి, వైఫైకి కలిపి కొత్తగా సెటప్ చేసి చూపించాలి. ఆ సమయంలో తెర మీద ఏదైనా కంపెనీ పేరుతో రిమోట్ మేనేజ్‌మెంట్ అని వస్తే అది ఆఫీసు వాళ్ల ల్యాప్‌టాప్. ఎంత తక్కువకిచ్చినా తీసుకోకండి.